గరాజ్‌లో రెండేళ్ళు, రోడ్డు మీద ఐదేళ్ళు: నా 1967 మస్టాంగ్

పాత ఫోర్డ్ మస్టాంగ్ కొందామని చూడ్డానికి వెళ్తే, బోనెట్ ఎత్తే ముందు ఒక బకెట్ నీళ్ళు అడగండి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర జల్లెడలా కన్నాలున్న రేకు ఉంటుంది. దాని మీద మెల్లగా నీళ్ళు పోసి, లోపల కాళ్ళు పెట్టుకునే చోట కార్పెట్ ఎత్తి చూడండి. చుక్క కారినా సరే, అమ్మేవాడు ఇంజన్ గురించి ఎంత గొప్పగా చెప్పినా పట్టించుకోకండి. బేరం అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

నేను ఆ పని చేయలేదు. 2017 నవంబరులో టెక్సస్‌లో వేకో దగ్గరి ఒక ఊళ్ళో 9,500 డాలర్లకు కొన్నాను. కారు గుర్తింపు సంఖ్య, అంటే విన్ నంబరు, 7ఆర్01సీతో మొదలవుతుంది. 7 అంటే 1967, ఆర్ అంటే శాన్ హోసే ఫ్యాక్టరీ, 01 అంటే హార్డ్‌టాప్ (పైన గట్టి రేకు కప్పు ఉన్న రకం), సీ అంటే రెండు బ్యారెళ్ళ కార్బురేటర్ ఉన్న, 289 ఘనపు అంగుళాల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్. గేర్‌బాక్సు మూడు గేర్ల సీ4 ఆటోమాటిక్. ఇంజన్ ఒక్క సెల్ఫుకే అందుకుంది. ఆ శబ్దం విన్నాక ఇంకేమీ చూడాలనిపించలేదు.

ఇంటికి తెచ్చిన రోజు రాత్రి మా మేనమామకు వీడియో కాల్ చేశాను. ఆయనకు విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు ఉండేది. అంబాసిడర్లు, జీపులు, లారీ క్యాబిన్లు ఆయన చేతుల మీదుగా వందలు వెళ్ళాయి. స్కూలు సెలవుల్లో నేను అక్కడ ఉప్పు కాగితం పట్టి లప్పం రుద్దేవాణ్ణి. "ఇంజన్ సంగతి తర్వాత వింటా అల్లుడూ, ముందు రేకు చూపించు. స్క్రూడ్రైవర్ తీసుకుని అడుగున పొడువు," అన్నాడు. పొడిచాను. పిడి దాకా దిగిపోయింది.

పాతకాలపు మస్టాంగ్‌లు చేసేవాళ్ళందరికీ ఎరుకైన జబ్బు ఇది. ఆ జల్లెడ కింద కౌల్ అనే రేకు పెట్టె ఉంటుంది. కారులోకి గాలి వచ్చేది దాని గుండానే. లోపల రెండు వైపులా గాలి కోసం పొగగొట్టంలా పైకి లేచిన రంధ్రాలుంటాయి. వాన నీళ్ళు వాటి చుట్టూ తిరిగి పక్కల నుంచి బయటికి పోవాలి. ఆకులు పడి కుళ్ళితే నీళ్ళు నిలిచి, ఆ గొట్టాల మొదళ్ళు తుప్పు పట్టిపోతాయి. పాత యజమాని ఈ కారును ఏళ్ళ తరబడి పెకాన్ చెట్టు కింద ఉంచాడు. కౌల్ పోయింది, ఫ్లోరు రెండు వైపులా పోయింది, ఎడమ వైపు టార్క్ బాక్సు (ముందు ఫ్రేమును తలుపు కింది రేకుకు కలిపే పెట్టె) కూడా పోయింది.

కాబట్టి మొదటి పద్నాలుగు నెలలు నేను ఇంజన్ ముట్టుకోలేదు. 140 ఆంపియర్ల మిగ్ వెల్డింగ్ మెషీను కొన్నాను. మొత్తం ప్రాజెక్టులో అతి మంచి ఖర్చు అదే. కౌల్ మార్చాలంటే ముందు ఫెండర్లు, వైపర్లు, హీటర్ పెట్టె, డ్యాష్‌బోర్డు అన్నీ ఊడదీయాలి. ఆ తర్వాత ఫ్యాక్టరీ వేసిన స్పాట్ వెల్డింగులు ఒక్కొక్కటే డ్రిల్ చేసి విప్పాలి. వందకు పైగా ఉంటాయి. పై రేకు లేచిన రోజున లోపల కనిపించినది మట్టి, ఆకులు, ఒక పక్షి గూడు. కొత్త కౌల్ రేకులు, ఫ్లోరు రేకులు రెడీమేడ్‌గా దొరుకుతాయి. ఈ కారును ఎంచుకోవడానికి నాకు అన్నిటికంటే పెద్ద కారణం అదే. రేకు నుంచి రబ్బరు బీడింగు దాకా మస్టాంగ్‌కు దొరకని విడిభాగం దాదాపు లేదు. అదే కాలపు వేరే కార్లు చేసే మిత్రులు ఒక్క టెయిల్ లైట్ అద్దం కోసం ఏప్రిల్‌లో ఫోర్ట్‌వర్త్ దగ్గర జరిగే పేట్ స్వాప్ మీట్ అనే పాత విడిభాగాల సంతలో రోజంతా నడుస్తారు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. దీనికి లారీలా కింద వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ఫ్లోరు కోసే ముందు తలుపుల సందుల్లో అడ్డంగా ఇనుప పైపులు వెల్డ్ చేసి బిగించకపోతే బాడీ వంగిపోతుంది. తర్వాత తలుపు మూసుకోదు, ఎందుకు మూసుకోదో కూడా అంతుపట్టదు. మామయ్య రోజూ ఇదే గుర్తుచేసేవాడు. కుడి వైపు తలుపు సందు ఇప్పటికీ పైనుంచి కింద దాకా ఒకేలా ఉంది. నాకు రంగు కంటే ఆ సందు అంటేనే ఇష్టం.

రంగు బయట వేయించాను. రెండు పాళ్ళు కలిపే పెయింట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. గాలి గొట్టం ఉన్న మాస్కు, సరైన బూత్ లేకుండా ఇంట్లో కొట్టడం ఊపిరితిత్తులతో చెలగాటం. పిల్లలు తిరిగే ఇంట్లో అది వద్దు.

2020 ఫిబ్రవరిలో రోడ్డెక్కింది. అప్పటి నుంచి 14,000 మైళ్ళు తిరిగాను. వేయించిన సామాన్లలో ఏది నిలబడిందో, ఏది పీకేశానో ఇప్పుడు చెప్పగలను.

ముందు బ్రేకులు. నా కారుకు నాలుగు చక్రాలకూ 10 అంగుళాల డ్రమ్ములు వచ్చాయి. ఒకసారి బాగా ఆగుతాయి. వెంటనే రెండోసారి తొక్కితే వేడెక్కి మెత్తబడతాయి. వానలో నీళ్ళు దూరితే ఒక పక్కకు లాగుతాయి. ఈ రోజుల్లో ముందు పోయే కారు ఏబీఎస్‌తో ఆగుతుంది, వెనక మనం డ్రమ్ములతో ఉంటాం. ముందు చక్రాలకు డిస్కులు వేశాను. 1967 నుంచి పెడల్ ఒత్తిడిని బ్రేకులకు పంపే మాస్టర్ సిలిండర్‌లో రెండు గదులు ఉన్నాయి కాబట్టి ఒక లైను పోయినా ఇంకోటి ఆపుతుంది. అయినా డ్రమ్ముల సిలిండర్‌ను డిస్కులకు వాడకూడదు, అదీ మార్చాలి. వెనక చక్రాలు ముందే లాక్ అవకుండా సర్దుకునే వాల్వు పెట్టాలి. పాత 14 అంగుళాల చక్రాలు క్యాలిపర్లకు తగిలాయి, 15 అంగుళాలవి కొనాల్సి వచ్చింది. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. ఐదేళ్ళలో ఒక్కసారి ప్యాడ్లు మార్చాను, అంతే. ఒకే ఒక్క మార్పుకు డబ్బుంటే ఇదే చేయండి.

రెండోది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది. ఈ కారులో పెట్రోల్ ట్యాంకు పైభాగమే డిక్కీ నేల. డిక్కీకి, వెనక సీటుకు మధ్య ఉన్నది అట్ట లాంటి పలక మాత్రమే. వెనక నుంచి గట్టిగా గుద్దితే ఏమవుతుందో ఆలోచించి నాకు నిద్ర పట్టలేదు. వెనక సీటు వెనుక ఉక్కు రేకు బిగించి, అంచులకు సీలెంట్ పట్టించాను. శనివారం ఒక్క పూట పని, వంద డాలర్ల లోపు ఖర్చు. ముందు సీట్లకు భుజం మీదుగా వచ్చే బెల్టులు వేశాను. వెనక నడుము బెల్టులే ఉన్నాయి కాబట్టి పిల్లల్ని హైవే మీద ఇందులో తీసుకెళ్ళను.

ఇగ్నిషన్‌లో పాయింట్లు (స్పార్కు కోసం కరెంటును తెంపి కలిపే పాత స్విచ్చి) తీసేసి, డిస్ట్రిబ్యూటర్ లోపలే ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ కిట్టు పెట్టాను. పైకి చూస్తే పాతదే. ఇక్కడో మెలిక ఉంది. డ్యాష్‌బోర్డు వెనక నుంచి కాయిల్‌కు వచ్చే గులాబీ రంగు తీగ మామూలు తీగ కాదు, అదే రెసిస్టర్. పాయింట్లు కాలిపోకుండా ఓల్టేజీ తగ్గించడానికి పెట్టారు. నేను వేసిన రకానికి పూర్తి 12 ఓల్టులు కావాలి. ఆ తీగ నుంచే ఇస్తే చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, వేడెక్కాక తడబడుతుంది. నెల రోజులు కార్బురేటర్‌ను అనుమానించాను. మీటర్ పెట్టి చూస్తే తేలింది. వేరే తీగ లాగాక ఇప్పటిదాకా ముట్టుకోలేదు.

డాలస్ ఎండల్లో జూలై, ఆగస్టు నెలలు 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతాయి. ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే ముల్లు ఎర్ర గీత వైపు నడిచేది. మూడు వరుసల అల్యూమినియం రేడియేటర్ పెట్టినా తేడా కొంచెమే. ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ బిగించాక జబ్బు కుదిరింది. ష్రౌడ్ లేకపోతే ఫ్యాన్ ఎదురుగా ఉన్న గుండ్రటి చోటు నుంచే గాలి లాగుతుంది, మిగతా రేడియేటర్ ఊరికే ఉంటుంది. ఖరీదైన రేడియేటర్ కంటే ఆ ప్లాస్టిక్ డొప్ప ఎక్కువ పని చేసింది.

గేర్‌బాక్సు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పాత సీ4తో గంటకు 70 మైళ్ళలో ఇంజన్ నిమిషానికి దాదాపు 2,700 సార్లు తిరిగేది. ఆస్టిన్ వెళ్ళొస్తే చెవుల్లో హోరు. 2021లో, 80ల నాటి 5.0 లీటర్ల మస్టాంగ్‌లలో వచ్చిన ఐదు గేర్ల టీ5 వేశాను. క్లచ్ పెడల్, కేబుల్, క్రాస్ మెంబర్, బెల్ హౌసింగ్ అన్నీ మారాయి. బిగించి స్టార్ట్ చేస్తే 2,500 దాటగానే స్టీరింగ్ చేతుల్లో వణికింది. గేర్‌బాక్సు మళ్ళీ దింపాను. క్లచ్ ప్లేటు చూశాను, బేరింగు చూశాను. రెండు వారాంతాలు పోయాక ఫ్లైవీల్ మీద సందేహం వచ్చింది. 289కి ఫ్లైవీల్‌లో 28 ఔన్సుల తూకం తేడా ఉండాలి. 80ల ఇంజన్లకు 50 ఔన్సులు. రెండూ ఒకేలా ఉంటాయి, ఒకే బోల్టులకు బిగుస్తాయి. అమ్మినతను 28 అని చెప్పి ఇచ్చినది 50. అలాగే నడిపి ఉంటే క్రాంక్ బేరింగులు పోయేవి. సరైనది వేశాక డ్యాష్‌బోర్డు మీద పెట్టిన కాఫీ కప్పులో అల కూడా లేచేది కాదు. ఇప్పుడు 70 మైళ్ళకు 1,900 తిరుగుతుంది. వెనక యాక్సిల్ 3.00 రేషియోనే ఉంచాను కాబట్టి 60 లోపు ఐదో గేరు వేస్తే ఇంజన్ మూలుగుతుంది, అంత తప్ప కొరత లేదు.

పీకేసినది ఫ్యూయెల్ ఇంజెక్షన్ కిట్టు. కార్బురేటర్ స్థానంలో బిగించే రకం, తనంతట తానే నేర్చుకుంటుందని పేరు. చలికాలం బాగుండేది. ఎండాకాలం రెండుసార్లు హైవే ఎగ్జిట్ మీద ఆగిపోయింది. ఇంట్లో పానా, స్క్రూడ్రైవర్‌తో బాగుచేసుకునే కారును, రోడ్డు పక్కన నిలబడి తెర మీద ఎర్రర్ కోడ్ చదువుకోవాల్సిన కారుగా మార్చాను. మనసుకు చాలా కష్టమనిపించింది. అట్టపెట్టెలో దాచిన పాత ఆటోలైట్ 2100 కార్బురేటర్ తీసి, కడిగి, గాస్కెట్ల కిట్టు వేసి మళ్ళీ ఎక్కించాను. ఇప్పటి పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలన్నీ దానికి తట్టుకునేవి వేశాను. తీసిన ఏ భాగాన్నీ పారేయకండి, అమ్మకండి.

స్టీరింగ్‌కు నేను చేసినది దాదాపు ఉచితం. పై కంట్రోల్ ఆర్మ్‌ను ఒక అంగుళం కిందికి దించి కొత్త కన్నాలు వేయడం. ఫోర్డ్ ఇంజనీర్ క్లౌస్ ఆర్నింగ్ పేరుతో దీన్ని ఆర్నింగ్ డ్రాప్ అంటారు, రేసుల కోసం మార్చిన తొలి షెల్బీ మస్టాంగ్‌లకు చేసినది ఇదే. మలుపులో కారు ఒరిగిపోవడం తగ్గింది. అలైన్‌మెంట్‌కు ఇచ్చేటప్పుడు కంపెనీ పాత లెక్కలు వాడనివ్వకండి, అవి ఆనాటి పాత తరహా బయాస్ టైర్లకు రాసినవి. ఇప్పటి రేడియల్ టైర్లకు క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) ఎక్కువ ఉండాలి, నేను దాదాపు మూడు డిగ్రీలు పెట్టించాను. హైవే మీద చేతులు తేలికపడ్డాయి.

ఇంజన్ లోపల ఏమీ చేయలేదు. కాగితం మీద 200 హార్స్‌పవర్, అదీ బెల్టులు, ఎగ్జాస్ట్ లేకుండా కొలిచే ఆనాటి లెక్క. ఇది అసలు మజిల్ కారే (పెద్ద ఇంజన్‌తో దూసుకుపోయే రకం) కాదనేవాళ్ళున్నారు, వాళ్ళ వాదనలో న్యాయముంది. కానీ తోటి కార్లలో పెద్ద క్యామ్‌షాఫ్టులు వేసినవి చాలావరకు గరాజ్‌లలో ఉన్నాయి, నాది కిరాణా కొట్టుకు వెళ్తుంది.

2023లో మామయ్య మా ఇంటికి వచ్చాడు. ఆ వారం రెండు రోజులు వాన కురిసింది. వెలిశాక ఆయన కారు చుట్టూ తిరగలేదు, ఇంజన్ అడగలేదు. తలుపు తీసి, వంగి, కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడిమాడు. చెయ్యి బయటికి తీసి నాకు చూపించాడు. పొడిగా ఉంది. "పద అల్లుడూ, ఒక రౌండు వేద్దాం," అన్నాడు.

ఇంకా మిగిలినవి: 55 దాటితే ఎడమ తలుపు బీడింగు ఈల వేస్తుంది, మార్చినది కూడా సరిగ్గా కూర్చోలేదు. వెనక కుడి ఫెండర్ కింద గోరంత బుడగ లేచింది. చలికాలం వచ్చాక అక్కడ రంగు గీకి చూడాలి.