మెలట్టూరులో వారం: నాటకం ఉచితం, నిద్రకే ఖర్చు

తంజావూరులో లాడ్జి తీసుకునేటప్పుడు ఏసీ ఉందా అని అడిగితే చాలదు. ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఉంటుందో అడగాలి. ఈ ఒక్క ముక్క అడక్కపోవడం వల్ల మా నలుగురికీ మూడు రోజుల నిద్ర పోయింది, రెండు రూములకు కట్టిన 8,700 రూపాయలు పోయాయి.

సంగతేమిటంటే, తంజావూరు దగ్గర మెలట్టూరు అనే ఊళ్లో ఏటా రాత్రంతా తెలుగు నాటకాలు ఆడే ఉత్సవం ఒకటుంది, భాగవత మేళం. దానికి వెళ్లేవాళ్లు పగలు పడుకోవాల్సిన మనుషులు. రాత్రి పదింటి ప్రాంతంలో మొదలయ్యే నాటకం తెల్లవారుజామున నాలుగింటికో ఐదింటికో ముగుస్తుంది. రైల్వే జంక్షన్ దగ్గర మేం దిగిన లాడ్జి వాళ్ల ఏసీ మాత్రం రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకానే. ఎనిమిది కొట్టగానే కింద నుంచే మెయిన్ ఆపేస్తారు. అసలే వైశాఖం, తమిళనాడులో కత్తిరి ఎండలని పేరుపెట్టి మరీ భయపడే రోజులు. మేం ఊరి నుంచి వచ్చి మంచమెక్కేది ఆరున్నరకి, ఏసీ ఆగేది ఎనిమిదింటికి. అంటే 1,450 రూపాయల రూముకి మాకు దక్కిన చల్లదనం గంటన్నర. పగలు కూడా కావాలంటే రూముకి రోజుకి 400 అదనమన్నారు. సరే, ఇస్తామన్నాం. రెండో రోజు ఆ 400 తీసుకుని కూడా మధ్యాహ్నం రెండింటికి ఆపేశారు. అడిగితే 'లోడు పడుతోంది సార్'.

గేటు సంగతి ఇంకా వింత. పదకొండింటికి షట్టరు దించేస్తారు. తెల్లారి తియ్యాలంటే వాచ్‌మన్‌ని లేపాలి, లేపినందుకు వంద. తొమ్మిదింటికి దుప్పట్లు మార్చే కుర్రాడు తలుపు కొడతాడు. పోనీ పెందలాడే దిగాం కదా అనుకుంటే, చెక్ఔట్ పన్నెండింటికట. పొద్దున ఆరింటికి రైలు దిగి రూములోకొస్తే పన్నెండయ్యేసరికి ఒక రోజు అద్దె చెల్లిపోయింది. ఇరవైనాలుగు గంటల లెక్క ఉన్న లాడ్జిలు అదే వీధిలో రెండు కనిపించాయి, ఆలస్యంగా.

మూడో రోజు మధ్యాహ్నం సామాను సర్దుకుని కొత్త బస్టాండు వైపు ఇంకో చోటుకి మారాం. రూము 2,100. ఏసీ రోజంతా ఉంటుంది, రాత్రంతా కౌంటర్లో మనిషి ఉంటాడు, తలుపుకి బోర్డు తగిలిస్తే సాయంత్రం దాకా ఎవరూ రారు. పాత బస్టాండు నుంచి దూరం, ఆటోకి ఒక్కో వైపు 150 దాకా అవుతుంది. అయినా అదే చవక. అప్పటిదాకా మూతి ముడుచుకుని తిరిగిన మా బావగారు ఆ రోజు నాలుగింటిదాకా గుర్రుపెట్టి నిద్రపోయి, లేచి మొట్టమొదటిసారి 'ఇవాళేం నాటకం?' అని అడిగారు.

మెలట్టూరులో హోటళ్లు లేవు. తంజావూరుకి సుమారు 18 కిలోమీటర్లు. పాత బస్టాండు నుంచి టౌన్ బస్సులున్నాయి. మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకి 2021 నుంచి టికెట్టు లేదు కాబట్టి మా పిన్ని, మా ఆవిడ వారమంతా ఉచితంగానే వెళ్లారు. ఇబ్బందల్లా తిరిగి రావడమే. నాటకం మొదలయ్యేసరికే బస్సులు అయిపోతాయి. తెల్లారేదాకా ఇంకేం ఉండవు. మొదటి రాత్రి తంజావూరు నుంచి ఆటో మాట్లాడుకుంటే వెళ్లడానికి 500 అన్నాడు, తెల్లవారుజామున తిరిగి రావడానికి అదే మనిషి 900 తీసుకున్నాడు. తర్వాత రాత్రులు సాయంత్రం బస్సులో వెళ్లి, పొద్దున 5:40కి మొదటి బస్సెక్కాం. నాటకం నాలుగింటికే అయిపోతే ఆ గంటన్నర అరుగు మీద కూర్చోవాలి. నలుగురైదుగురు కలిస్తే కారు మాట్లాడుకోవడమే మేలు. రాత్రి బత్తా ఎంతో ముందే తేల్చుకోండి, డ్రైవరు పడుకోవడానికి చాప మీరే తీసుకెళ్లండి.

ఇక ఊరు. తంజావూరు నాయక రాజు అచ్యుతప్ప ఐదువందల పైచిలుకు బ్రాహ్మణ కుటుంబాలకి ఇళ్లూ పొలాలూ ఇచ్చి ఇక్కడ నిలబెట్టాడని చెబుతారు. ఆయన పేరు మీదే ఒకప్పుడు దీన్ని అచ్యుతపురం అన్నారు. త్యాగరాజు కంటే కొంచెం పెద్దవాడైన మెలట్టూరు వేంకటరామశాస్త్రి రాసిన తెలుగు నాటకాలే ఇప్పటికీ ఆడుతున్నారు. ప్రహ్లాద చరిత్రము, ఉషా పరిణయము, హరిశ్చంద్ర, మార్కండేయ, రుక్మాంగద వగైరా. ఆడేవాళ్లు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లే. వాళ్లలో చాలామంది చెన్నైలోనో ఇంకెక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ, ఈ వారానికి సెలవు పెట్టి వచ్చి గజ్జె కడతారు. ఆడ వేషాలు కూడా మగవాళ్లే వేస్తారు.

ఉత్సవం నరసింహ జయంతి చుట్టూ తిరుగుతుంది. వైశాఖ శుద్ధ చతుర్దశి, 2023లో మే 4న వచ్చింది, 2025లో మే 11న. పంచాంగం చూడకుండా టికెట్లు కొనకండి. ఇంకో మెలిక కూడా ఉంది. ఊళ్లో రెండు బృందాలు వేర్వేరుగా ఉత్సవం జరుపుతాయి. ఎవరి పందిరి వారిది, ఎవరి కార్యక్రమం వారిది. ఒకరి కరపత్రం పట్టుకుని ఇంకొకరి పందిట్లో కూర్చుంటే ఉష కోసం వెళ్లి మార్కండేయుణ్ణి చూసి రావాల్సొస్తుంది. రెండు కరపత్రాలూ దగ్గర పెట్టుకుని రాత్రికి ఒకటి ఎంచుకోండి. సాయంత్రాలు బయటి నుంచి వచ్చిన వాళ్ల భరతనాట్యం, కచేరీలు ఉంటాయి. అవి చెన్నైలోనూ దొరికేవే. ఆ టైములో భోంచేసి ఓ కునుకు తీసుకున్నా నష్టం లేదు.

ప్రహ్లాద చరిత్రము మాత్రం వదులుకోవద్దు. జయంతి రాత్రి ఆడేది ఇదే. వరదరాజ స్వామి గుడి ముందు వీధిలోనే పందిరి, వేదిక. ఉత్సవ మూర్తిని ఊరేగించి తెచ్చి వేదికకి ఎదురుగా నిలుపుతారు. నాటకం చూసేది ముందు స్వామి, తర్వాతే మనం. ఆయన చూపుకి అడ్డంగా కుర్చీ వేసుకుంటే ఎవరో ఒకరు వచ్చి లేపుతారు, మర్యాదగానే. స్పీకరు పెట్టెలకి దూరంగా, పాడేవాళ్లూ మృదంగం వాళ్లూ కనబడే పక్కన చాప పరుచుకోవడం మంచిది. ముందు వరస కోసం ఎనిమిదిన్నరకే వెళ్లాలి. టికెట్టు లేదు. పళ్లెంలో మీకు తోచింది వేయొచ్చు.

మొదట్లోనే తోడయమంగళమనే ప్రార్థన పాట ఉంటుంది, శంకువులాంటి పొడుగు టోపీతో కోణంగి అనే హాస్యగాడు గెంతుకుంటూ రావడమూ ఉంటుంది. మనం అల్లరి పిల్లల్ని కోణంగి అంటాం చూడండి, ఆ కోణంగిని ఒళ్లంతా చెమటలతో ఇక్కడ చూడొచ్చు. తర్వాత ఏనుగు ముఖం తొడుక్కున్న చిన్న పిల్లాడు వినాయకుడిగా వస్తాడు. ఆ తర్వాత రాజుగారి రాకను చాటేవాడు. ఆ పైన ఒక్కొక్క పాత్రా తన ప్రవేశ దరువుతో, అంటే తన రాకను చెప్పే పాటతో వస్తుంది. ఇక్కడే కొత్తవాళ్లు ఓపిక పోగొట్టుకుంటారు. హిరణ్యకశిపుడు ఒక్కడు సభలోకి వచ్చి కూర్చోవడానికే చాలాసేపు పడుతుంది. కూచిపూడి వేగం అలవాటైన కళ్లకి ఇది నత్తనడకే. ఆ దరువులు కచేరీలో కృతులు విన్నట్టు వినాలి. రాగం నిలబెట్టి, పల్లవి మళ్లీ మళ్లీ తిప్పి, ప్రతిసారీ అభినయం కొంచెం మారుస్తారు. మా పిన్ని సంగీతం చెప్పే మనిషి. రెండో రాత్రి దాకా తాళం వేస్తూనే ఉంది. మూడో రాత్రి తాళం మానేసి ఊరికే చూసింది.

తెలుగు ఎలా ఉంటుందంటే, పద్యాలూ దరువులూ చాలావరకు చెవికి స్పష్టంగా అందుతాయి. వచనంలో ఒక్కోచోట ఒత్తులు జారతాయి. ఎందుకో వేషం గదిలో తెలిసింది. ప్రహ్లాదుడి వేషం కట్టే పిల్లాడు బుగ్గలకి రంగు వేయించుకుంటూ ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని చదువుకుంటున్నాడు. తెలుగు మాటలే, తమిళ లిపిలో. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అందుకని అక్షరం నెత్తిన చిన్న అంకె వేసుకున్నాడు. క మీద 3 ఉంటే గ, ప మీద 4 ఉంటే భ. ఒక పేజీలో ఎరుపు సిరాతో దిద్దిన అంకెలు కనిపించాయి, పెద్దవాళ్లెవరో సరిచేసినట్టున్నారు. ఆ అంకెలు చూసుకుంటూ 'భక్తి' అని నాలుగుసార్లు అన్నాడు. మూడోసారికి భ వచ్చింది. మన పిల్లలు తెలుగు చదవడానికి ఇంగ్లీషు అక్షరాలు రాసుకుంటున్నారని ఇంతకాలం విసుక్కున్న మా బావగారు ఆ పేజీని ఫోటో తీసుకున్నారు.

వెళ్లేముందు పోతన భాగవతం సప్తమ స్కంధం ఒకసారి తిరగేసుకోండి. నాటకం మాటలు వేరు, కథ నడక మాత్రం పట్టుబడుతుంది.

నరసింహ వేషానిది వేరే పద్ధతి. ఆ ముఖం నాటకానికి మాత్రమే వాడే వస్తువు కాదు, గుళ్లో పూజలందుకునేది. కట్టేవాళ్లు ఆ రోజు ఉపవాసం ఉంటారు. మేం చూసిన రాత్రి స్తంభం చీలింది 3:50కి. అప్పటిదాకా సగం మంది చాపల మీద వాలిపోయి ఉన్నారు. ఒక్కసారిగా అందరూ లేచి నిలబడ్డారు. స్వామి వేషంలో ఉన్నాయన ఊగిపోతుంటే వెనక నుంచి మనుషులు పట్టుకుని ఆపుతుంటారు. ఎదురుగా హిరణ్యకశిపుడు వాదనకి దిగుతాడు. ఇద్దరి మధ్య నాలుగడుగుల దూరం, అంతకంటే దగ్గరికి రానివ్వరు. చంపడం చూపరు. పూనకంలో ఉన్న మనిషి చేతికి ఎదుటివాణ్ణి నిజంగా అప్పగిస్తే ఏమవుతుందో అన్న భయం దీని వెనక ఉందంటారు. కూర్చోబెట్టి శాంతింపజేసి, హారతిచ్చి, గుడికి తీసుకెళ్తారు. ఆ పది నిమిషాలూ ఫోన్లు జేబులో పెట్టుకోండి. ముందుకు తోసుకొచ్చి వీడియో తీయబోయిన ఒకాయన కాళ్ల కింద మా ఆవిడ చెప్పులూ మంచినీళ్ల సీసా రెండూ నలిగిపోయాయి.

మిగతా రాత్రుల్లో హరిశ్చంద్ర బాగుంది. కాటి సీను దగ్గర పక్క అరుగు మీద ముసలామె పైకే ఏడ్చింది. రుక్మాంగద మధ్యలో వాన పడి పందిరి కారింది, కరెంటు పోయింది, గంటన్నర ఆగాం. వేసవిలో గాలివాన ఇక్కడ మామూలే. చాప కింద వేసుకోవడానికి ప్లాస్టిక్ పట్టా, గొడుగు, దోమల మందు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓ పలచటి దుప్పటి ఉండాలి. తిండి తంజావూరులోనే కట్టించుకోండి. పెరుగన్నం రాత్రి పన్నెండింటికి పులిసిపోయింది, పులిహోర నిలిచింది. పందిరి దగ్గర టీ 15 రూపాయలు, కాఫీ 20. రెండు దాటాక పాలు అయిపోతాయి.

పగళ్లు ఎలా గడిచాయంటే, నిద్రలో. మిగిలిన కాస్తలో బృహదీశ్వరాలయానికి సాయంత్రం ఐదున్నర తర్వాతే వెళ్లాం. పగటి ఎండకి ప్రాంగణంలో రాళ్లు అట్లపెనంలా కాలుతుంటాయి. సరస్వతీ మహల్ మ్యూజియం ఒక గంట.

తిరువయ్యారుకి సగం రోజు కేటాయించండి, 12 కిలోమీటర్లకి అటూ ఇటూ. జనవరిలో ఆరాధనకి కిక్కిరిసే త్యాగరాజ సమాధి మేలో ఖాళీగా ఉంటుంది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ సొంత డబ్బుతో కట్టించిన గుడి ఇది. ఆమె బొమ్మ ఆయనకి ఎదురుగా చేతులు జోడించి కూర్చుని ఉంటుంది. పిన్ని అక్కడ ఎవరూ అడక్కుండానే రెండు కీర్తనలు పాడింది. పూజారి హారతి పళ్లెం పట్టుకుని రెండోది అయ్యేదాకా ఆగాడు. బయటికొచ్చి పెసరపప్పుతో చేసే అశోకా హల్వా తిన్నాం. ఆకులో వేడివేడిగా, నెయ్యి వేళ్ల మీంచి కారుతూ. పావుకిలో 120. ఇంటికని అరకిలో కట్టించుకుంటే రెండో రోజుకే పైన నెయ్యి తెల్లగా పేరుకుపోయి రుచి పోయింది. అక్కడే తినేయండి.

ఏడు రోజులకి నలుగురికీ రైలు ఛార్జీలు కాక 29,300 అయింది. అందులో చాలా భాగం లాడ్జిలకే. ఆ మొదటి లాడ్జివాడు 400 వెనక్కిస్తానని రశీదు మీద రాసిచ్చాడు. ఆ రశీదు బావగారి దగ్గర ఉంది. వచ్చే వైశాఖంలో వసూలు చేసుకుంటారట.