పైపు మీద ఆర్9 అని అచ్చు ఉంది కదా అని నమ్మకండి

పాత కార్లు, ముఖ్యంగా రెండు మూడు కార్బురేటర్లు (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే భాగాలు) ఉన్న బండ్లు నడిపేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఆన్‌లైన్‌లో కొన్న పెట్రోల్ పైపు వల్ల నా బండి తగలబడాల్సింది. ఆ రోజు వెనక సీట్లో మా పాప ఉంది.

నేను ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటాను. బండి 1970 నాటి ఎంజీబీ జీటీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. తెనాలిలో నాన్న నడిపిన అంబాసిడర్ ఇంజిన్, దీని ఇంజిన్ ఒకే కుటుంబం, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ-సిరీస్. దానిది 1489 సీసీ, దీనిది 1798. దానికి ఒక్కటే కార్బురేటర్, దీనికి ఎస్‌యూ కంపెనీవి రెండు కార్బురేటర్లు. బానెట్ ఎత్తినప్పుడల్లా నాన్న గుర్తొస్తారు. అందుకే దీని పని వేరేవాళ్ల చేతికి ఇవ్వను.

ఇక్కడ 2021 సెప్టెంబరు నుంచి బంకుల్లో మామూలు పెట్రోల్ ఈ10 అయింది, అంటే పది శాతం వరకు ఇథనాల్. పాతకాలం రబ్బరు దానికి ఆగదు. అందుకని నిరుడు మార్చిలో పైపులన్నీ మార్చేద్దామని కూర్చున్నాను. ఏది కొనాలో తెలుసు: ఎస్ఏఈ జే30 అనే పెట్రోల్ పైపుల స్టాండర్డ్‌లో ఆర్9 రకం. దాని లోపలి పొర ఫ్లోరోఎలాస్టోమర్ అనే రబ్బరు, ఇథనాల్‌ని బాగా తట్టుకుంటుంది. ఒక ఆన్‌లైన్ దుకాణంలో మూడు మీటర్లు 14 పౌండ్లకు దొరికింది. పైపు పొడుగునా తెల్లటి అక్షరాల్లో ఆర్9 అని ఉంది. రివ్యూలు బాగున్నాయి. పంపు నుంచి వచ్చే ముక్క, ఇంజిన్ దగ్గర ముక్క, రెండు కార్బురేటర్ల మధ్య ఉండే చిన్న ముక్క, అన్నీ ఒక్క ఆదివారం మార్చేశాను.

జూలైలో ఇంజిన్ మిస్సింగ్ మొదలైంది. ఐడిలింగ్ సరిగ్గా నిలబడదు, పికప్ తగ్గింది. రెండు కార్బురేటర్ల బండి ఉన్నవాళ్లకు వెంటనే వచ్చే అనుమానమే నాకూ వచ్చింది, రెండు కార్బురేటర్ల మధ్య బ్యాలెన్స్ తప్పిందని. గాలి కొలిచే మీటరు పెట్టి రెండూ సమానం చేశాను, పెట్రోల్ మోతాదు సర్దే జెట్ నట్టు కొంచెం కొంచెంగా తిప్పి చూశాను, కార్బురేటర్ల పైనుండే డాష్‌పాట్లలో ఆయిల్ మార్చాను. రెండు శని ఆదివారాలు దీనికే పోయాయి. చేసినరోజు బాగుంటుంది, నాలుగు రోజులకు మళ్లీ మామూలే. ప్లగ్గులు తీస్తే మొదటి రెండూ మసిపట్టి నల్లగా ఉన్నాయి, వెనక రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఈ ఇంజిన్‌లో మొదటి రెండు సిలిండర్లకు ముందు కార్బురేటరే పెట్రోల్ ఇస్తుంది. అంటే దానిలోకి పెట్రోల్ ఎక్కువ పోతోందని ఆ ప్లగ్గులే చెబుతున్నాయి. నేను మాత్రం ట్యూనింగ్ మీదే పడి ఉన్నాను.

ఆగస్టులో ఒకరోజు పాపని ఈతకు తీసుకెళ్లి వస్తున్నాం. సిగ్నల్ దగ్గర ఆగాం. "నాన్నా, పెట్రోల్ వాసన వస్తోంది" అంది. అదే సమయంలో వెనకనుంచి పంపు చప్పుడు వినిపించింది. ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు గురించి తెలియనివాళ్లకు చెబుతాను: తాళం తిప్పగానే టిక్ టిక్‌మని కొట్టుకుని, ఫ్లోట్ చాంబర్లు (కార్బురేటర్ పక్కన పెట్రోల్ నిలిచే చిన్న గిన్నెలు) నిండగానే ఆగిపోతుంది. ఇంజిన్ నడిచేటప్పుడు ఎప్పుడో ఒకసారి టిక్‌మంటుంది. ఆ రోజు ఆగకుండా కొట్టుకుంటోంది. పక్కకు తీసి ఆపేసి, తాళం లాగేసి, పాపని దించి దూరంగా ఫుట్‌పాత్ మీద నిలబెట్టాను. బానెట్ ఎత్తేటప్పుడు చేతులు వణికాయి.

రెండు కార్బురేటర్ల మధ్య ముక్క కింది వైపు తడిగా ఉంది. చూస్తుండగానే ఒక చుక్క పెరిగి, జారి, హీట్ షీల్డ్ అంచు మీద పడింది. ఈ బండిలో కార్బురేటర్లు, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే పక్కన ఉంటాయి. కార్బురేటర్ల కిందే మండిపోయే ఇనుము. మధ్యలో ఉన్నది ఆ పల్చటి రేకు ఒక్కటే.

బండిని ఇంటికి లాగించి ఆ పైపు తీసి చూశాను. కొంచెం వంచగానే జుట్టంత సన్నటి పగుళ్లు వరసగా తెరుచుకున్నాయి. తెల్ల అక్షరాలు గోటితో గీకితే పొడిలా రాలాయి. నిలువునా కోస్తే లోపలి పొర, పైపొర ఒకటే రబ్బరు. వేరే పొర అన్నదే లేదు. వేలు పెట్టి రాస్తే నల్లగా అంటుకుంది. ముందు కార్బురేటర్ ఫ్లోట్ చాంబర్ మూత తీస్తే అడుగున ఆవగింజలో సగం ఉన్న నల్ల ముక్కలు. అలాంటిదే ఒకటి, చాంబర్ నిండగానే పెట్రోల్ ఆపే నీడిల్ వాల్వ్ దగ్గర ఇరుక్కుని, అది పూర్తిగా మూసుకోకుండా చేసింది. నెల రోజులుగా నేను బ్యాలెన్స్ అనుకుంటున్నది ఇదీ. పైపులోనుంచి రబ్బరు రాలుతుంటే ట్యూనింగ్ ఎన్నిసార్లు చేసినా లాభం లేదు. మీ బండిలో ఒక కార్బురేటర్ మాత్రమే తేడా చేస్తుంటే, స్క్రూలు ముట్టుకునే ముందు ఆ ఫ్లోట్ చాంబర్ మూత తీసి చూడండి.

పైపు కొన్నాక బండికి ఎక్కించకముందే చివర ఒక అంగుళం ముక్క అడ్డంగా కోసి చూడండి. లోపల పల్చటి పొర విడిగా కనిపించాలి. తయారీ కంపెనీ పేరు, స్టాండర్డ్, సైజు, తయారైన తేదీ స్పష్టంగా ఉండాలి. నా పైపు మీద కంపెనీ పేరూ లేదు, తేదీ కూడా లేదు. అది అప్పుడే నాకు తట్టాల్సింది. బిగించి కొన్ని వారాలయ్యాక శుభ్రమైన గుడ్డతో పైపుని తుడిచి వాసన చూడండి. గుడ్డకు పెట్రోల్ వాసన అంటితే పైపు చెమర్చుతున్నట్టే, తడి కనిపించకపోయినా సరే తీసేయండి. అందంగా ఉంటుందని స్టీలు అల్లిక ఉన్న పైపు వేసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త, ఆ అల్లిక కింద రబ్బరు పగిలినా కంటికి కనపడదు. ట్యాంకుకీ పంపుకీ మధ్య ముక్కనీ మర్చిపోవద్దు. అక్కడ పగిలితే కారకపోవచ్చు, గాలి పీల్చుకుని పంపు గబగబా కొట్టుకుంటుంది. క్లిప్పులు కూడా పట్టీ నున్నగా ఉండేవి తీసుకోండి. గాట్లున్న మామూలు క్లిప్పు చిన్న పైపుని కోసేస్తుంది.

పని చేసేటప్పుడు ఇంజిన్ చల్లారాలి, బ్యాటరీ వైరు తీసేయాలి, పెట్రోల్ మంటలకు పనికొచ్చే ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేలా ఉండాలి. అంతా బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, ప్రతి జాయింటునీ టార్చి వేసి చూడండి. నా బండికి ఇనర్షియా స్విచ్, అంటే బండి గుద్దుకోగానే పంపుని ఆపేసే స్విచ్, లేదు. గుద్దుకున్నా, పైపు ఊడినా, తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ పంపు పెట్రోల్ తోడుతూనే ఉంటుంది. ఈసారి ఆ స్విచ్ కూడా పెట్టించాను.

ఇండియాలో ఇప్పుడు ఈ20 అమ్ముతున్నారు, ఇక్కడికంటే ఇథనాల్ రెట్టింపు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రాజ్‌దూత్ 350 బైకు దాచుకున్నవాళ్లుంటే, దానికీ రెండు కార్బురేటర్లే. పైపులు ఒకసారి చూసుకోండి.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే, బిగించడంలో నా తప్పే అన్నారు. ఇక్కడి 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం ఆరు నెలల లోపు లోపం బయటపడితే, అమ్మేనాటికి అది లేదని నిరూపించాల్సింది అమ్మినవాళ్లే. ఆ మాట రాశాక డబ్బు తిరిగిచ్చారు. వినియోగదారులకు సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా పెట్టాను. వారం తిరక్కుండా ఆ లిస్టింగ్ మాయమైంది. మొన్న మళ్లీ చూశాను. దుకాణం పేరు కొత్తది, ఫొటో మాత్రం అదే, అవే తెల్ల అక్షరాలు. ధర ఇప్పుడు 12 పౌండ్లు.