1970 నాటి రెండు యుద్ధ వ్యతిరేక సవరణలు

వియత్నాం యుద్ధంపై అమెరికా నిలువునా చీలిపోయి ఉన్న 1970లో, సెనేట్‌లోని ఇరు పార్టీల సభ్యులు జంటగా బిల్లులకు రెండు సవరణలు తెచ్చారు. డెమోక్రాట్ మెక్‌గవర్న్, రిపబ్లికన్ హాట్‌ఫీల్డ్ 1971 చివరికల్లా వియత్నాం నుంచి సేనలన్నింటినీ ఉపసంహరించాలన్నారు. అది 55–39 ఓట్లతో వీగిపోయింది. నైతికంగా అదే నిండైన ప్రతిపాదన. రిపబ్లికన్ కూపర్, డెమోక్రాట్ చర్చ్ యుద్ధమంతటినీ కాక, ప్రధానంగా పొరుగు దేశం కంబోడియాలోని అమెరికన్ భూతల దళాలకు నిధులు ఆపాలని అడిగినందువల్ల, యుద్ధాన్ని పూర్తిగా తప్పుబట్టని వారు సైతం, దాన్ని విస్తరించే ముందు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) అనుమతి ఉండాలన్న సూత్రంపై వారితో కలవగలిగారు; జూన్ 30న సెనేట్ ఆ సవరణను 58–37తో ఆమోదించింది. ప్రతినిధుల సభ తిరస్కరించినా, మార్చిన రూపం 1971 జనవరిలో చట్టమైంది. అంతగా చీలిన సభలో ఈ రెండవ దారే సరైనదని నా దృఢాభిప్రాయం, అయితే కంబోడియాపై బాంబు దాడులను ఆ చట్టం ఆపలేదు. అవి 1973 ఆగస్టు వరకు సాగాయి.