మైపాడు ఇసుకలో పది మీటర్ల పట్టీ: చాలాకాలం వాడాక

నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌కు కుక్కను తీసుకెళ్దామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది, అక్కడ దాన్ని వదిలేయొచ్చా అని. వద్దు. ఊరకుక్కలున్నాయి, వలలున్నాయి, చిన్నపిల్లలుంటారు. అలాగని వీధిలో వాడే నాలుగడుగుల చైన్‌తో సముద్రం ఒడ్డున నడవడం కుక్కకూ శిక్షే, పట్టుకున్నవాడికీ శిక్షే. మా బంటి లాబ్రడార్, నాటు కుక్క కలిసిన రకం. బరువు 28 కిలోలు, నిద్రలో తప్ప కుదురు లేదు. వాడి కోసం కొన్న 10 మీటర్ల పట్టీ గురించే ఈ సమీక్ష. దాని అసలు రంగేమిటో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేనంత కాలంగా వాడుతున్నాను.

లోపల పాలిస్టర్ నేత, పైన మెత్తటి ప్లాస్టిక్ పూత, అరంగుళం వెడల్పు. గొప్పంతా ఆ పూతదే. నీళ్లు పీల్చదు, ఇసుక అంటదు, తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే కారులో పడేయొచ్చు. దీనికంటే ముందు బటన్ నొక్కితే లోపలికి చుట్టుకునే రకం వాడాను. పార్కులో బాగానే ఉండేది. బీచ్‌లో ఇసుక డబ్బాలోకి దూరింది, ఉప్పు గాలికి స్ప్రింగ్ పట్టేసింది. ఆ తర్వాత తాడు సగం బయటా సగం లోపలా ఉండిపోయేది. పైగా ఆ సన్నటి తాడు వేళ్ల మధ్య జారితే చర్మం కోసుకుపోతుంది. వలలు అమ్మే కొట్టులో దొరికే నైలాన్ తాడు చౌక, గట్టిది కూడా. కానీ తడిస్తే బరువెక్కుతుంది, పేటల మధ్య ఇసుక చేరితే అరచేతి తోలు లేచిపోతుంది.

పట్టీకి వంక పెట్టలేను, కొక్కేనికి మాత్రం పెట్టాలి. కొన్నప్పుడు వచ్చింది తళతళలాడే పూత పూసిన ఇనుప కొక్కెం. ఉప్పునీళ్లకు ముందు పాడయ్యేది దాని ఒళ్లు కాదు, నొక్కి తెరిచే చిన్న నాలుక. ఒకరోజు నీళ్లలోకి దిగేముందు చూస్తే ఆ నాలుక పూర్తిగా మూసుకోలేదు. గోరు మందం సందు. లోపల ఒక ఇసుక రేణువు, దాని చుట్టూ తెల్లగా గడ్డకట్టిన ఉప్పు. గట్టిగా ఒక్క గుంజు గుంజితే ఊడి చేతిలోకొచ్చింది. కొత్త కొక్కెం కోసం అమ్మినవాళ్లకు రాస్తే జవాబే లేదు. చివరికి ట్రంక్ రోడ్డులో చెప్పులు కుట్టే ఆయన దగ్గర పాతది తీయించి గట్టి ఇత్తడిది వేయించాను. దానికి పచ్చ చిలుము పడుతోందే గానీ పని మాత్రం ఆగలేదు. కాబట్టి కొనేటప్పుడు పట్టీ రంగులు చూడకండి, కొక్కెం దేనితో చేశారో చూడండి.

దీన్ని మెడ బెల్టుకు తగిలించకూడదు, ఒంటికి వేసే హార్నెస్‌కే, అదీ వీపు మీది రింగుకే తగిలించాలి. పది మీటర్లు పరిగెత్తి వేగం అందుకున్న కుక్క చివర ఒక్కసారిగా ఆగితే ఆ దెబ్బంతా మెడ మీద పడుతుంది. మీ వైపు చివరన చేతి ఉచ్చు లేని రకం తీసుకోండి. ఉచ్చుంటే సరుగుడు మోళ్లకు తగులుకుంటుంది. మణికట్టుకు చుట్టుకోవడం మాత్రం ఎప్పటికీ వద్దు.

ఇక దానితో గడిపే రోజు సంగతి. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా తెల్లవారేలోపే చేరాలి. ఎండెక్కాక పొడి ఇసుక మీద మీరు చెప్పుల్లేకుండా నిలబడలేకపోతే కుక్క పాదాలూ నిలబడలేవు. అల వెనక్కి తగ్గిన చోట తడి ఇసుక గట్టిగా ఉంటుంది, నడక అక్కడే హాయి. బంటికి మాత్రం ఎర్ర పీతలే లోకం. అవి బొరియలోకి దూరగానే ముక్కు దాకా తవ్వుతాడు, తుమ్ముతాడు, ఇంకో బొరియకు పరిగెడతాడు. ఇదంతా చైన్‌తో అయ్యే పని కాదు.

వల లాగే చోటికి వస్తే పట్టీని మూడడుగులకు కుదించాలి. ఒక పెద్దాయన వల లాగుతూనే, "ఏంది నాయనా, ఆ తాడు కుక్కకా, పడవకా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ వలలోంచి ఏరి పారేసిన చేపల దగ్గర నవ్వులాట పనికిరాదు. పొట్ట బుడగలా ఉబ్బే ముళ్ల చేప ఒకటి వాటిలో పడి ఉంటుంది. దాని విషానికి విరుగుడు మందు లేదు, నోట పెట్టకుండా ఆపడమే మార్గం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీ చేపలూ అంతే, చచ్చినా చురుకు తగ్గదు. సముద్రపు నీళ్లు ఎక్కువ తాగితే వాంతులు, విరేచనాలు ఖాయం. అందుకే రెండు లీటర్ల మంచినీళ్లు, ఒక గిన్నె సంచిలో ఉండాల్సిందే.

జనవరి నుంచి మార్చి దాకా మరో జాగ్రత్త. ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కో గుంటలో వంద దాకా. వాటి పాలిట కుక్కలు, నక్కలే యముళ్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటికి గట్టి రక్షణ ఉంది, కానీ ఆ ముక్క బంటికి తెలియదు. ఆ నెలల్లో తడి ఇసుక దాటి పైకి వెళ్లనివ్వను, పీతల తవ్వకాలు కూడా బంద్. కొలిచినట్టు పొడవు తగ్గించి పట్టుకోగలిగితేనే ఇది కుదురుతుంది, అందుకే ఈ పట్టీకి పెట్టిన పద్నాలుగు వందలు నాకు ఎక్కువనిపించలేదు.

ఇంటికి రాగానే కొక్కేన్ని మగ్గుడు మంచినీళ్లలో ముంచి, నాలుకను నాలుగైదుసార్లు ఆడించి, నీడలో ఆరేస్తాను. పట్టీని ఎండలో వదిలేస్తే పూత బిరుసెక్కుతుంది. పది కిలోల లోపు కుక్కలకు ఇంత పొడవు బరువే, ఐదు మీటర్లది చాలు. ఆదివారం సాయంత్రాలూ కార్తీక పౌర్ణమి జనమూ అంటారా, అప్పుడు ఎంత పొడవు పట్టీ ఉన్నా లాభం లేదు. కుక్కను ఇంట్లో ఉంచి వెళ్లండి.