తిరుపతిలో ఒక పోలీస్ స్టేషన్: ఫోన్ పోతే బాగా చూస్తారు, టీలో మత్తు కలిపితే మాత్రం...

రేటింగ్ 5కి 2. ఆ రెండు కూడా ఒక కుర్ర కానిస్టేబుల్‌కే. ఏ స్టేషనో రాయను.

మా పెదనాన్న దర్శనం చేసుకుని కొండ దిగి బస్టాండ్ దగ్గర కూర్చుంటే, పక్కనున్న ఒకాయన మాట కలిపి టీ తెచ్చిచ్చాడు. తాగిన కాసేపటికే సోలిపోయాడు, లేచి చూసుకుంటే ఉంగరం, ఫోన్, డబ్బు ఏవీ లేవు. మాట ముద్దగా, నడక తూలుతూ ఉన్న మనిషిని స్టేషన్‌కి తీసుకెళ్తే రైటర్ మొదట అడిగింది, "ఏం పెద్దాయనా, పొద్దున్నే ఏసుకున్నావా?" అని. మందు ముట్టని మనిషి, గుండు మీద చందనం కూడా పోలేదు.

ఫోన్ విషయంలో వంక పెట్టడానికి లేదు. ఆ కానిస్టేబులే బిల్లు వాట్సాప్‌లో తెప్పించి, ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబర్) తీసి, పోయిన ఫోన్లను ఆపించే ప్రభుత్వ పోర్టల్ సీఈఐఆర్‌లో బ్లాక్ చేయించేదాకా పక్కనే ఉన్నాడు. టీ సంగతి రాయమంటేనే వచ్చింది తంటా. "దొంగతనం అని రాసియ్యండి, టీ గీ అంటే మళ్ళీ ఆసుపత్రి, ల్యాబ్, తిరగాల్సింది మీరే" అన్నాడు రైటర్.

ఉత్త దొంగతనమైతే బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త శిక్షా చట్టం) సెక్షన్ 303, మామూలుగా 3 ఏళ్ళ దాకా శిక్ష. నేరం చేయడానికి మత్తు పెట్టారంటే సెక్షన్ 123, 10 ఏళ్ళ దాకా (2024 జూలైకి ముందు ఐపీసీ 328). శిక్ష సంగతి అటుంచి, కంప్లైంట్‌లో మత్తు మాటే లేకపోతే రక్తం, మూత్రం పరీక్షకు పంపమని ఆసుపత్రికి లెటర్ ఎవరిస్తారు? జీహెచ్‌బీ లాంటి మత్తుమందులు 12 గంటలు దాటితే మూత్రంలో దొరకడం కష్టం, నిద్రమాత్రల రకాలైతే ఇంకొంత కాలం ఉంటాయి. రాద్దామా వద్దా అని మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టిన టైమంతా అందులోంచి పోయిందే. పైగా వాళ్ళు చెప్పినట్టు రాసుంటే, రికార్డులో ఆ రోజు ఒక సెల్‌ఫోన్ దొంగతనం తప్ప ఊళ్ళో ఏమీ జరగనట్టే!

మధ్యలో "అది మా పరిధి కాదు" కూడా అయింది. జీరో ఎఫ్ఐఆర్ (పరిధి కాకపోయినా ఏ స్టేషన్‌లోనైనా కేసు రాసుకోవాలనేది) గురించి బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 173 ఫోన్‌లో తెరిచి చూపించాక సీఐ గారి దగ్గరికి పంపారు. ఆయన విన్న వెంటనే లెటర్ రాయించారు, అది ఒప్పుకోవాలి. కానీ ఆసుపత్రిలో శాంపిల్ తీసేసరికి చీకటి పడింది.

మీకెవరికైనా ఇలా అయితే ముందు క్యాజువాలిటీకి వెళ్ళి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు సంబంధించిన వైద్య రికార్డు) రాయించండి, పోలీసులకు కబురు వాళ్ళే పంపుతారు. టీ కప్పు, బిస్కెట్ ప్యాకెట్ ఏది మిగిలినా పారేయొద్దు. పిటిషన్ రసీదుతో సరిపెట్టుకోకుండా ఎఫ్ఐఆర్ కాపీ అడగండి, అది ఉచితం. స్టేషన్‌లో ఫిర్యాదే తీసుకోనంటే ఎస్పీకి రాసి పోస్టులో పంపొచ్చు. రైల్లో అయితే 139కి ఫోన్ చేయండి.

మా ఎఫ్ఐఆర్‌లో చివరికి సెక్షన్ 123 పడింది. ల్యాబ్ రిపోర్ట్ ఇంకా రాలేదు, వచ్చాక రేటింగ్ మార్చాల్సి వస్తే మారుస్తా.