స్ట్రింగ్స్ కోసమైతే జూనో-106

నెల్లూరులో మా ఆర్కెస్ట్రాకి, పాత పాటల్లో వయొలిన్ బిట్ల కోసం రోలాండ్ కంపెనీ సింథసైజర్ కీబోర్డు జూనో-106 కొన్నాం, 1984లో వచ్చిన మోడల్. మనసు నిండిపోయింది. అసలు గొప్పతనం అందులోని కోరస్ అనే ఎఫెక్ట్‌దే: అది ఆపితే బోసిగా వినిపించే సౌండ్, బటన్ నొక్కగానే పదిమంది కలిసి వాయిస్తున్నట్టు పరుచుకుంటుంది, అటాక్ (సౌండ్ మెల్లగా లేవడానికి), రిలీజ్ (కీ వదిలాక మెల్లగా ఆగడానికి) స్లైడర్లు కాస్త పెంచి, సౌండ్ పదునుని మార్చే ఫిల్టర్ కొంచెం తగ్గిస్తే టౌన్‌హాల్లో వెనక వరసలో వాళ్లు కూడా తలతిప్పి చూస్తారు.

ఒకేసారి ఆరు నోట్లే పలుకుతాయి. రెండు చేతులా నిండుగా వాయించేవాళ్లకి 1974 నాటి సోలినా స్ట్రింగ్స్ కీబోర్డు మేలు, ఎన్ని కీలు పట్టినా అన్నీ పలుకుతాయి, కాకపోతే దానికి మిడి (వేరే కీబోర్డులకి, కంప్యూటర్‌కి కలిపే సౌకర్యం) లేదు. జూనోలో కీ ఎంత గట్టిగా నొక్కినా వాల్యూమ్ మారదు కాబట్టి అవుట్‌పుట్‌కి వాల్యూమ్ పెడల్ తగిలించుకోవాల్సిందే.

కొనేముందు ఆరు కీలు కలిపి పట్టి అన్నీ సమానంగా పలుకుతున్నాయో లేదో వినండి, ఎందుకంటే ఒక్కో నోటుని పలికించే వాయిస్ చిప్పులు పోవడం ఈ మోడల్‌కి బాగా తెలిసిన జబ్బు. జపాన్ నుంచి వచ్చిన పీసైతే 100 వోల్టులది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెట్టొద్దండీ.