విదేశాల్లో మనవాళ్ళున్న తిరుపతి వాళ్ళకి: ఈ పార్సిల్ షాపు గురించి

తిరుపతిలో ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఇంటర్నేషనల్ కొరియర్ బోర్డు కనిపిస్తోంది. అన్నీ ఒకటే అనుకుంటాం గానీ కాదు. చాలా చోట్ల పంపి చూశాక నేను లీలామహల్ సర్కిల్ దాటి కరకంబాడి రోడ్డు వైపు వెళ్తుంటే వచ్చే ఈ చిన్న షాపుకే వెళ్తున్నాను. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. నాలుగు ఎందుకో, ఆ ఒకటి ఎందుకు తగ్గించానో రెండూ రాస్తాను. పిల్లల్ని కొత్తగా బయటి దేశానికి పంపిన వాళ్ళకి పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఈ షాపులో నాకు అన్నిటికన్నా నచ్చింది, కౌంటర్‌లో ఉండే అన్న "ఇది వద్దుక్కా" అని చెప్పగలగడం. కిలోల లెక్కన డబ్బు తీసుకునే వ్యాపారంలో కిలోలు తగ్గించమని చెప్పే మనిషి ఎక్కడ దొరుకుతాడు? మనం తెచ్చిన సంచి టేబుల్ మీద బోర్లించి, ఒక్కొక్కటీ చూసి, ఏ దేశమో అడిగి, వెళ్ళకూడనివి పక్కన పెట్టేస్తాడు. అక్కడ దొరికేవి కూడా పక్కన పెడతాడు. "కందిపప్పు, సోనామసూరి ఏషియన్ షాపుల్లో దొరుకుతాయి కదక్కా, దానికి ఇంత డబ్బు ఎందుకు పెడతావు" అంటాడు.

మా పెద్దమ్మాయి నర్సు. జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో పనిచేస్తోంది. వెళ్ళిన కొత్తలో ఇంకొక చోట (పేరు వద్దు) పార్సిల్ బుక్ చేశాం. వాళ్ళు బాక్సు మీద 'ఫుడ్ ఐటమ్స్' అని రెండు ముక్కలు రాసి, ఏదో ఒక విలువ వేసి పంపేశారు. అది అక్కడి కస్టమ్స్ ఆఫీసులో ఆగిపోయింది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పిల్ల, నిద్ర మానుకుని బస్సు మారి ఆ ఆఫీసుకి వెళ్ళి, ఆఫీసరు ముందు బాక్సు విప్పి, ఒక్కొక్క కవరూ చూపించి ఇదేమిటి, దేనితో చేశారు అని జర్మన్‌లో చెప్పుకోవాల్సి వచ్చింది. నెయ్యి సీసా, పాలకోవా తీసేశారు. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసినవి పార్సిల్‌లో పంపకూడదు. ఆ సంగతి బుక్ చేసుకునేవాళ్ళు మనకి ముందే చెప్పాలి కదా, చెప్పలేదు. ఆ రోజు ఫోన్‌లో అమ్మాయి గొంతు విన్నాక ఇక ఆ షాపు గడప తొక్కలేదు.

ఈ షాపులో అలా కాదు. ప్రతి వస్తువూ పేరుతో, బరువుతో, విలువతో ఇన్‌వాయిస్‌లో రాస్తారు. చెనక్కాయల పొడి అయితే వేయించిన వేరుశనగ, మిరపకాయ, వెల్లుల్లి, ఉప్పు అని దినుసులు కూడా ఇంగ్లీషులో రాసి ప్యాకెట్ మీద అంటిస్తారు. ఇంట్లో వాళ్ళకి గిఫ్టుగా పంపేది 45 యూరోలు దాటకపోతే జర్మనీలో సుంకం ఉండదు, దాటితే కట్టాలి. ఈ లెక్క కూడా ముందే చెప్పి, పెద్ద బాక్సు అయితే రెండు వేర్వేరు నెలల్లో పంపుకోమని సలహా ఇచ్చారు. విలువ తగ్గించి రాయమంటే మాత్రం ఒప్పుకోరు. మొదట నాకు అది మొండితనంగా అనిపించింది గానీ, అక్కడ సంతకం పెట్టి తీసుకునేది మన పిల్లే కాబట్టి వాళ్ళు చేసేదే సరి.

లడ్డు సంగతి చెప్పాలి. తిరుపతి వాళ్ళందరికీ ఉన్న బాధే ఇది. కొండ మీది నుంచి ప్రసాదం తెచ్చుకున్న ప్రతిసారీ పిల్లకి ఒక్క లడ్డు అయినా పంపాలని ప్రాణం కొట్టుకుంటుంది. శ్రీవారి లడ్డులో నెయ్యి ఉంటుంది, కాబట్టి జర్మనీకి వద్దని ఈ అన్న నాకు మెల్లగానే చెప్పాడు. ఒక పెద్దాయన అక్కడే వాదనకి దిగడం నేను చూశాను, "ప్రసాదాన్ని ఎవరు ఆపుతారయ్యా" అని. అన్న కోప్పడలేదు. "సామీ, అక్కడోళ్ళు పట్టుకుంటే చెత్తబుట్టలో వేస్తారు. ప్రసాదం అట్లా పోతే మీకు బాగుంటుందా?" అన్నాడు. ఆ పెద్దాయన ఇంక మాట్లాడలేదు, లడ్డు కవరు తీసి సంచిలో పెట్టుకున్నాడు. దాని బదులు కుంకుమ, టీటీడీ క్యాలెండర్, డైరీ పంపించారు. క్యాలెండర్‌ని చుట్టి గట్టి అట్ట గొట్టంలో పెట్టి పంపుతారు ఇక్కడ, మడత పడకుండా చేరుతుంది.

ఈ షాపుకి వెళ్ళి వెళ్ళి నాకు ఒకటి అర్థమైంది. బయటి దేశంలో మన పిల్లలు కుదురుకున్నారా లేదా అన్నది వాళ్ళు ఫోన్‌లో చెప్పేదాని కంటే వాళ్ళు పంపే లిస్టులో బాగా తెలుస్తుంది. మా అమ్మాయి మొదటి లిస్టు ఇప్పటికీ నా దగ్గర ఉంది. రసం పొడి, పప్పుల పొడి, గోంగూర, ఆవకాయ, నిమ్మకాయ, చింతపండు, వడియాలు, అప్పడాలు, చివరికి ఉప్పు వేసి వేయించిన ఉప్మా రవ్వ కూడా. అప్పుడు దాని పరిస్థితి అలా ఉండేది. ఇక్కడ పూర్తి నర్సుగా చేసిన పిల్ల అక్కడ చదువుకి గుర్తింపు వచ్చేదాకా హెల్పర్ హోదాలో, తక్కువ జీతానికి పనిచేయాలి. బి2 అనే స్థాయి దాకా జర్మన్ నేర్చుకుని వెళ్ళింది గానీ వార్డులో ముసలివాళ్ళు మాట్లాడే యాస ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పొద్దున ఆరుకి డ్యూటీ. ఇంటికొచ్చి అన్నం వండుకుని పొడి కలుపుకుని తినడం, పడుకోవడం, అంతే. ఆదివారం అంగళ్ళన్నీ మూసేస్తారు, మాట్లాడే మనిషి ఉండదు. అందుకే ఆ లిస్టు నిండా అన్నంలో కలుపుకునేవే.

తరువాత గుర్తింపు వచ్చింది, జీతం పెరిగింది, హాస్టల్ లాంటి గది వదిలి సొంతంగా ఇల్లు అద్దెకి తీసుకుంది. లిస్టు మారిపోయింది. ఇడ్లీ ప్లేట్లు, మిక్సీ జార్లు, రాగి పిండి, ఉలవలు. జర్మనీలో కూడా మనలాగే 230 వోల్టులే కాబట్టి మిక్సీ పనిచేస్తుంది, ప్లగ్‌కి మాత్రం అడాప్టర్ కావాలి అని ఈ అన్నే చెప్పి, బరువైన మోటార్ ఇక్కడి నుంచి పంపకుండా ఎవరైనా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో ఇచ్చి పంపమన్నాడు. (అమెరికాకి అయితే ఇది కుదరదు, అక్కడ 120 వోల్టులు, దానికి తగిన మోటార్ విడిగా కొనాలి. ఇది తెలియక గ్రైండర్లు పంపేవాళ్ళని చాలామందిని ఆపాడు.) అమ్మాయి ఇప్పుడు శనివారమే వారానికి సరిపడా పిండి రుబ్బి పెట్టుకుంటుంది, ఆదివారం అక్కడ మిక్సీ శబ్దం చేస్తే పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొడతారు.

ఈ మధ్య వచ్చిన లిస్టు చూసి మాత్రం నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే. తనకి కావలసినవి నాలుగే రాసింది. మిగతావన్నీ వేరేవాళ్ళకి. వార్డులో పంచడానికి చెనక్కాయ చిక్కీలు, కింద ఇంట్లో ఉండే ముసలావిడకి కారం తక్కువ వేసిన మామిడికాయ పచ్చడి, తనతో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి పెళ్ళికి ఒక చీర, దానికి కుట్టించిన జాకెట్టు. బాక్సు సర్దుతూ అన్న లిస్టు చూసి "పాపకి అక్కడ మనుషులు దొరికినారుక్కా" అన్నాడు. రోజూ ఇలాంటి లిస్టులు చదివే మనిషి కాబట్టి ఆ మాట నేను నమ్మాను.

మా తమ్ముడి సంగతి వేరు. వాడిది పీలేరు, కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. వాడి లిస్టు ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం మారలేదు: నిమ్మకాయ పచ్చడి, కరివేపాకు పొడి, మోకాళ్ళకి నూనె. ఇంటి పనివాళ్ళ వీసా మీద ఉన్నవాడు భార్యని పిలిపించుకోలేడు. 2024లో కువైట్ ఫ్యామిలీ వీసాలు మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నెల జీతం 800 దినార్లు ఉండాలన్నారు, డ్రైవరుకి అంత జీతం ఎక్కడిది? అందుకే వాడి బతుకు అక్కడ కుదురుకోదు, పీలేరులో కడుతున్న ఇంట్లోనే కుదురుకుంటుంది. పార్సిళ్ళు కూడా ఇటు వచ్చేవే ఎక్కువ, దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు. విదేశం అనగానే అందరినీ ఒకే గాటన కట్టేస్తాం. ఐదేళ్ళకి పౌరసత్వానికి అప్లై చేసుకోగల జర్మనీ వేరు, ఎన్నేళ్ళు చేసినా యజమాని పేరు మీదే వీసా నడిచే కువైట్ వేరు. ఈ షాపు అన్నకి ఆ తేడా తెలుసు, అడిగే ప్రశ్నలు కూడా దాన్ని బట్టే ఉంటాయి. మా తమ్ముడి పచ్చడిని చిన్న చిన్న పౌచ్‌లుగా కట్టమని సలహా ఇచ్చింది ఆయనే, రూములో ఫ్రిజ్ అందరిదీ కదా, ఒక్కో పౌచ్ విప్పుకుంటే సరిపోతుంది.

గల్ఫ్‌కి పంపేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. గసగసాలు. మనం చికెన్ మసాలాలో వేసేస్తాం. యూఏఈ, సౌదీలలో అవి నిషేధం, దొరికితే జైలుదాకా పోతుంది. సింగపూర్‌లోనూ ఒప్పుకోరు. ఒకామె దుబాయ్‌లో ఉన్న కొడుక్కి ఇంట్లో కొట్టిన మసాలా తెచ్చింది. ఈ అన్న "ఇందులో గసాలు ఏసినావామ్మా?" అని అడిగితే "కొంచెమే" అంది. ఆ ప్యాకెట్ తీసి ఆమె చేతిలో పెట్టి, ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్పాడు. ఆమె భయపడిపోయింది, పాపం. మందులు కూడా డాక్టరు చీటీ లేకుండా తీసుకోడు, నొప్పి మాత్రలైతే పేరు చదివి మరీ చూస్తాడు. మెల్‌బోర్న్‌లో కూతురు కొత్తగా ఇల్లు కొనుక్కుందని గోంగూర, మునగ విత్తనాలు పొడుల మధ్యలో పెట్టిన దంపతుల్ని కూడా చూశాను. ఆస్ట్రేలియాలో విత్తనాల మీద చాలా గట్టిగా ఉంటారు, తీసేయించాడు.

ప్యాకింగ్‌కి పూర్తి మార్కులు. పచ్చళ్ళని రెండు మందమైన కవర్లలో సీల్ చేసి, దాని మీద ఇంకో ప్లాస్టిక్ చుట్టి, బాక్సు మధ్యలో పెడతారు. మావి ఇంతవరకు నూనె కారలేదు. పొడులు వ్యాక్యూమ్ చేస్తారు. సర్టిఫికెట్లు లాంటివి తిండి బాక్సులో పెట్టనివ్వరు, విడిగా కవరులో పంపుతారు. మంచి పద్ధతి.

ఇక తగ్గించిన ఒక స్టార్ గురించి. మొదటిది రేటు చెప్పే తీరు. ఫోన్‌లో కిలో రేటు చెబుతారు, అక్కడికి వెళ్ళాక బాక్సు సైజు బట్టి వేరే బరువు వేస్తారు. ఇది మోసం కాదు, కొరియర్ కంపెనీలన్నీ ఇంతే: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగిస్తే వచ్చేది, అసలు బరువు, రెండిటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 40, 30, 30 సెంటీమీటర్ల బాక్సు అయితే లోపల నాలుగు కిలోల మురుకులే ఉన్నా 7.2 కిలోలకి కట్టాలి. ఈ ముక్క ఫోన్‌లోనే చెప్పేస్తే పీలేరు నుంచో మదనపల్లె నుంచో బస్సెక్కి వచ్చేవాళ్ళు డబ్బు సరిపోక ఇబ్బంది పడరు. అన్ని విషయాల్లో అంత జాగ్రత్త ఉన్న మనిషి దీన్ని ఎందుకు వదిలేస్తున్నాడో నాకు అర్థం కావడం లేదు, ఒకసారి ముఖం మీదే అడిగాను కూడా.

రెండోది ట్రాకింగ్. ఇక్కడి నుంచి వ్యాన్‌లో చెన్నై వెళ్ళి అక్కడ కంపెనీకి అప్పజెప్పేదాకా మనకి ఏమీ తెలియదు. ఆ రెండు రోజులూ టెన్షనే. వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది. మూడోది, కూర్చోవడానికి చోటు లేదు. అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది అరవై దాటినవాళ్ళే, రెండు కుర్చీలు వేయండి అన్నా, దయచేసి.

వెళ్ళేవాళ్ళు ఆధార్ జిరాక్స్, అవతలి వాళ్ళ పూర్తి అడ్రసు పిన్‌కోడ్‌తో సహా, వాళ్ళ ఫోన్ నంబరు తీసుకెళ్ళండి. తిండి వస్తువులు సీల్ చేయకుండా తీసుకెళ్ళండి, వాళ్ళు చూసి వాళ్ళే సీల్ చేస్తారు. పది కిలోలు దాటితే కిలో రేటు తగ్గుతుంది కాబట్టి వీలైతే పక్కింటివాళ్ళ పిల్లలూ అదే దేశంలో ఉంటే రేటు గురించి కలిసి మాట్లాడుకోండి, కానీ బాక్సు మాత్రం ఎవరిది వాళ్ళకే. సాయంత్రం వ్యాన్ బయలుదేరే వేళకి వెళ్ళకండి, ఆయనకి మాట్లాడే తీరిక ఉండదు. పొద్దున పదకొండు లోపల వెళ్తే ప్రతి వస్తువూ ఓపిగ్గా చూస్తాడు. డిసెంబర్‌లో క్యాలెండర్ల రద్దీ ఉంటుంది, క్యాలెండర్లు చేతికి రాగానే పంపేస్తే జనవరి ఒకటికి పిల్లల గోడ మీద ఉంటాయి.